ఉప్పు కాపడం

జనవరి 8, 2008. మంగళవారం.

హాస్పిటల్ మందుల కమిటీ మీటింగ్‌లో ఆ పని నా నెత్తినే పడింది. నొప్పి మందులన్నిటినీ పక్కపక్కన పెట్టి ఒక్క పేజీలో పోల్చి చూపాలట. మార్ఫిన్, హైడ్రోమార్ఫోన్, ఫెంటనిల్, మెథడోన్. ఏది ఎంత త్వరగా పనిచేస్తుంది, ఎంతసేపు నిలుస్తుంది, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి ఏది నయం, ఏది మనిషిని మత్తులో ముంచేస్తుంది. ఆ టేబుల్‌ని నర్సులు గోడకి అంటించుకుంటారు. ఇలాంటి పనంటే నాకు ఇష్టమే. మనుషుల్లా కాదు, మందులు అడిగినదానికి సమాధానం చెప్తాయి. పది మిల్లీగ్రాములంటే పదే.

సాయంత్రం మామయ్యని మా హాస్పిటల్లోనే ఆరో ఫ్లోర్‌లో అడ్మిట్ చేశారు. ప్రొస్టేట్ కాన్సర్ వెన్నులోకీ తుంటిలోకీ పాకింది. కిడ్నీలు కూడా మొరాయిస్తున్నాయి. నవంబర్ నుంచీ తెలిసిన సంగతే గానీ నిన్న బాత్రూమ్‌లో కూర్చున్న మనిషి లేవలేకపోయారు. మా బాస్ గ్రెగ్ నన్ను పిలిచి, ఆయన చార్ట్ ఓపెన్ చేయొద్దు, ఆయన మందుల ఆర్డర్లు నువ్వు వెరిఫై చేయొద్దు అన్నాడు. ఇంటివాళ్ళ కేసు ముట్టుకోకూడదన్న రూల్ నాకు తెలుసు. బేస్‌మెంట్‌లో ఫార్మసిస్టుని, ఆరో ఫ్లోర్‌లో కోడల్ని. ఎలివేటర్‌లోనే వైట్ కోట్ విప్పేసి చేతిమీద వేసుకుని వెళ్ళాను.

జనవరి 9

నర్స్ డెనీస్ వచ్చినప్పుడల్లా అడుగుతుంది, సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత అని. మామయ్య టూ అంటారు. పొద్దున టూ. మధ్యాహ్నం టూ. పక్క మార్చడానికి అటు నుంచి ఇటు తిప్పినప్పుడు నుదుటి నిండా చెమట. అప్పుడూ టూ.

నరసరావుపేట హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యారు. చక్రపాణి మాస్టారంటే మోకాలు చెక్కుకుపోయిన పిల్లల్ని కూడా దులుపుకో, లే అని లేపే మనిషని మా ఆయన రవి చెప్తాడు. కొడుకైనా అంతేనట. ఇప్పుడు తనకి తానే డ్రిల్లు చేయించుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఈయన టూ అంటే డెనీస్ జ్వరానికిచ్చే టైలెనాల్ ఇచ్చి వెళ్ళిపోతుంది. మామయ్యా, ఇక్కడ తక్కువ చెప్తే మార్కులు రావు అన్నాను. పది అంటే ఎంతమ్మా అని అడిగారు. మీరు ఊహించగలిగినంతలో అన్నిటికన్నా పెద్ద నొప్పి అన్నాను. మరి దానికి చోటుంచాలిగా అన్నారు.

జనవరి 10

పార్కింగ్ స్ట్రక్చర్‌లో రవికీ నాకూ గొడవ. మామయ్యని చూస్తున్న డాక్టర్ హాల్‌ప్రిన్ మార్ఫిన్ మొదలుపెడదాం అంటాడు. రవి ససేమిరా అంటాడు. గుంటూరులో వాళ్ళ మేనమామకి మార్ఫిన్ ఇచ్చిన మర్నాడే పోయాడట. మార్ఫిన్ అంటే డాక్టర్లు చేతులెత్తేయడమే అంటాడు. మీ మామ మార్ఫిన్ వల్ల పోలేదు, పోయే ముందు రోజు దాకా మీరెవరూ ఇవ్వనివ్వలేదు అన్నాను. అనకూడదు. అన్నాను. నీకు మా నాన్న ఒక కేసు అన్నాడు రవి. మంచు పడుతోంది. ఇద్దరం చెరో కార్లో ఇంటికొచ్చాం.

జనవరి 12

మార్ఫిన్ మొదలైంది. మామయ్యే రవిని పిలిచి, ఒరేయ్, నొప్పి పుడుతున్నది నా నడుముకి రా, నీకు కాదు అన్నారట. అంతటితో అయిపోయింది.

మధ్యాహ్నమంతా నిద్రపోయారు. అత్తయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని ఆయన గురక వింటూ కూర్చుంది. పెళ్ళయినప్పట్నుంచీ ఆ గురక మీద నాలాంటివాళ్ళందరికీ ఫిర్యాదు చేసిన మనిషి.

జనవరి 15

మార్ఫిన్ పడలేదు. తప్పు మందుది కాదు, కిడ్నీలది. మార్ఫిన్ పనిచేశాక మిగిలిన దాన్ని బయటికి పంపాల్సింది అవి. పంపకపోతే ఒంట్లో పేరుకుపోతుంది. నిన్నటి నుంచి మామయ్య చేతులు ఉలిక్కిపడ్డట్టు ఎగిరెగిరి పడుతున్నాయి. గోడ దగ్గర పిల్లలు లైన్లో నిలబడ్డారనీ, ఒకడి చొక్కాకి గుండీ లేదనీ డెనీస్‌కి తెలుగులో చెప్తున్నారు. ఆమె యెస్ సర్ అంటోంది.

రవి నా వైపు చూడలేదు. చూడకపోవడమే నయం అనుకున్నాను.

జనవరి 16

హాల్‌ప్రిన్ కారిడార్‌లో ఆపి, ఫెంటనిల్ పట్టీ వేస్తాను, కుటుంబంగా మీరేమంటారు అని అడిగాడు. కుటుంబంగా అన్న మాట ఒత్తి పలికాడు. సరే అన్నాను. నా టేబుల్లో కిడ్నీల కాలమ్‌లో పట్టీకే మొదటి స్థానం. మూడు రోజులకో పట్టీ. మాత్ర మింగక్కర్లేదు, సూది అక్కర్లేదు, చర్మం లోంచి కొద్దికొద్దిగా దిగుతుంది. భుజం వెనక అంటించారు.

జనవరి 18

డిశ్చార్జ్. చేతులు ఎగరడం ఆగిపోయింది. నన్ను చూసి, గుండీ లేనివాడు వెళ్ళిపోయాడమ్మా అన్నారు. తన మీద తనే జోకు వేసుకుంటున్నారంటే తెలివిలోకి వచ్చినట్టే.

ఇంట్లో పాటించాల్సిన జాగ్రత్తల కాగితం అత్తయ్యకి నేనే తెలుగులో చదివి చెప్పాను. పట్టీ కత్తిరించకూడదు. హీటింగ్ పాడ్ పెట్టకూడదు, ఎలక్ట్రిక్ దుప్పటి కప్పకూడదు, హాట్ టబ్‌లో దిగకూడదు. హాట్ టబ్ దగ్గర అత్తయ్యకి నవ్వొచ్చింది. ఆ మూడూ మన కొంపలో ఎక్కడున్నయ్యే అంది.

జనవరి 23

ఇలాంటి రోజులు మళ్ళీ వస్తాయనుకోలేదు. మామయ్య డైనింగ్ టేబుల్ దగ్గరికి నడిచొచ్చి పెరుగన్నం తిన్నారు. టీవీలో బాస్కెట్‌బాల్ చూస్తూ రిఫరీని తిట్టారు. బంతి కొట్టకుండా ట్రావెలింగ్ చేస్తుంటే విజిల్ వెయ్యడేంట్రా వీడు అని రవిని అడిగారు. రవి కూడా రిఫరీని తిట్టాడు. తండ్రీ కొడుకులు కలిసి ఒకణ్ణి తిట్టి ఎన్నాళ్ళయిందో.

ఎంత మామయ్యా అని అడిగాను. సున్నా అన్నారు. ఈసారి నమ్మాను.

అత్తయ్య కల్లుప్పు అయిపోయిందంటే ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చాను. పచ్చళ్ళ కాలం కాదు కదా అనుకున్నాను. ఆవిడ వంటల సంగతి మనకెందుకు.

జనవరి 26

అంతా బాగానే ఉంది. రాయడానికేమీ లేదు.

జనవరి 28

పట్టీ మార్చే రోజు. భుజాల దగ్గర చర్మం కమిలి ఉంది. ఎముకలు కూడా తేలాయి. అందుకని ఈసారి నడుముకి కాస్త పైన, పక్కకి అంటించాను. అక్కడ వెయ్యొచ్చు, కాగితంలో ఉంది. బయట చలి సున్నాకి దగ్గర్లో ఉంది. మామయ్య నడుం పట్టేసినట్టుందన్నారు.

జనవరి 29. సాయంత్రం 5.

పదకొండింటికి అత్తయ్య ఫోన్. మీ మామయ్య లేపితే లేవట్లేదే అంది. పెదవులు నల్లబడ్డాయంది. ఊపిరి చూడమన్నాను. ఉంది, లేదు, మళ్ళీ ఉంది అంది. ఆఫీస్ లైన్ నుంచి అంబులెన్స్ కోసం 911కి చేశాను. సెల్‌లో అత్తయ్య అలాగే ఉంది. పేరు పెట్టి పిలుస్తూ ఉండండి అన్నాను. ఆవిడ ఆయన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. మాస్టారూ, మాస్టారూ అని పిలుస్తుంటే ఫోన్‌లో వింటూ ఎలివేటర్ కోసం నిలబడ్డాను.

ఎమర్జెన్సీలో పట్టీ పీకేశారు. నాలాక్సోన్ ఇచ్చారు. అది ఫెంటనిల్‌ని ఒక్క దెబ్బకి తోసేస్తుంది. మనిషి లేచారు. నొప్పి కూడా ఆయనతోపాటే లేచింది. మామయ్య అరవడం నేను మొదటిసారి విన్నాను. టూ అనే మనిషి అరిచిన అరుపు అది. ఆ అరుపు వినడం ఇష్టం లేక అత్తయ్య వెయిటింగ్ రూమ్‌లోకి వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చుంది.

రవి వచ్చాడు. నీ టేబుల్లో ఈ పట్టీకి ఎన్ని మార్కులు వేశావు అని అడిగాడు. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అనుంటే నేనూ అనేదాన్ని.

జనవరి 30

లెక్క కుదరట్లేదు. అదే స్ట్రెంగ్త్. అదే కంపెనీ. కిడ్నీ టెస్టులు పోయిన వారం ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, హాల్‌ప్రిన్ చెప్పాడు. మరి ఒక్క పొద్దుటిలో అంత మందు ఒంట్లోకి ఎలా దిగింది? ఈ మందు ఈయనకి పడదేమో, ఇన్సిడెంట్ రిపోర్ట్ కమిటీకి వెళ్తుంది అన్నాడు. కమిటీ అంటే నేనే కదా.

మధ్యాహ్నం మళ్ళీ ఆరో ఫ్లోర్‌కి చేర్చాక, నిన్న ఎమర్జెన్సీలో కత్తిరించి తీసిన బట్టల సంచీ డెనీస్ ఇచ్చింది. బనీను మడత పెడుతుంటే ఒళ్ళో గరుగ్గా ఏదో రాలింది. నడుము దగ్గర లేత గోధుమరంగు మరక. రాలినదాన్ని వేలికి అద్దుకుని నాలిక మీద పెట్టుకున్నాను.

ఉప్పు.

ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఇనప మూకుట్లో కల్లుప్పు వేయించి, పాత పంచెగుడ్డలో మూట కట్టి, నడుముకి కాపడం. ఊరి నుంచి వచ్చినప్పుడు, సూట్‌కేసులో ఆ మూకుడు ఎందుకత్తయ్యా బరువు అని నేనే వేళాకోళం చేశాను. నా కాన్పు తర్వాత నెలరోజులు నాకు కూడా పెట్టింది. ఆ వేడి ఎముకలదాకా దిగేది. ఆ వేడి పట్టీ మీద పడితే మూడు రోజుల మందు మూడు రోజులు ఆగదు. ఇన్నాళ్ళూ పట్టీ భుజం మీద ఉంది, మూట నడుము మీద. సోమవారం పట్టీని మూట కిందికి దించింది నేను.

కాగితంలో హీటింగ్ పాడ్ ఉంది, దుప్పటి ఉంది, టబ్ ఉంది. ఆ మూడూ చదివాను. వేడి తగలకూడదు అన్న ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. అత్తయ్యకి అది చాలు. చెప్పలేదు.

జనవరి 31

వెయిటింగ్ రూమ్‌లో అత్తయ్య నా చెయ్యి పట్టుకుని అడిగింది. ఎందుకైందే అట్లా? పొద్దున బానే ఉన్నారుగా. కాఫీ కూడా తాగారే.

కనుక్కుంటానత్తయ్యా అన్నాను.

చెప్తే ఆవిడ తట్టుకోలేదు. మొగుడి ప్రాణం దాకా తెచ్చింది నీ చెయ్యే అని ఎలా చెప్పను? చెప్పకపోతే, మళ్ళీ పట్టీ వేసి ఇంటికి పంపిస్తే, మళ్ళీ మూట పెడుతుంది. మూట పెట్టొద్దని మాత్రం చెప్తే కారణం తనే వెతుక్కుంటుంది. మూడు దారులూ చూశాను.

సాయంత్రం రవికి కార్లో చెప్పాను. టెన్ మైల్ రోడ్ మీద పక్కకి ఆపేశాడు. చెవిపోటొస్తే నాకూ పెట్టేది అన్నాడు. నేను నీతో అలా మాట్లాడకుండా ఉండాల్సింది అన్నాడు. అమ్మకి చెప్పొద్దు అన్నాడు. చివరి మాట దగ్గర ఏడ్చాడు.

ఫిబ్రవరి 2. మధ్యాహ్నం.

మామయ్యకి ఇప్పుడు తాత్కాలికంగా సూదిమందు. అత్తయ్య క్యాంటీన్‌కి వెళ్ళింది. రవి తీసుకెళ్ళాడు. మామయ్య కళ్ళు తెరిచి, మూట వల్లేనా అమ్మా అని అడిగారు.

ఈ మనిషి దగ్గర అబద్ధం నడవదు. మైదానంలో రెండొందల మంది పిల్లల్లో ఎవడు నవ్వాడో పట్టుకునే మనిషి. అవును మామయ్యా, నేను పట్టీ కిందికి వేశాను, దాని మీద వేడి పడింది అన్నాను. తల ఊపారు. మీ అత్తయ్యకి చెప్పావా అన్నారు. లేదన్నాను. చెప్పకు, నా తర్వాత ఆవిడ బతకాలిగా అన్నారు.

తర్వాత నేను అడగాల్సింది అడిగాను. ఫార్మసిస్టుగా అడిగానో కోడలిగా అడిగానో తెలియదు. పట్టీయే మీకు అన్నిటికన్నా బాగా పనిచేసింది. మళ్ళీ వేస్తే నొప్పి ఉండదు, కానీ మూట ఉండకూడదు. ఇంకోటి ఉంది, హైడ్రోమార్ఫోన్, నోట్లో పోసే మందు. నాలుగ్గంటలకోసారి తాగాలి, మీ కిడ్నీలకి పట్టీ అంత నయం కాదు, కొంచెం నొప్పి మిగలొచ్చు. కానీ ఒంటి మీద ఏమీ ఉండదు.

పట్టీ ఉన్నన్నాళ్ళూ నాకు నొప్పే లేదమ్మా అన్నారు. మరి మూట ఎందుకు పెట్టించుకున్నారు మామయ్యా అని అడిగాను. అలవాటు అన్నారు. అని అటు తిరిగారు. కాసేపటికి అటు తిరిగే చెప్పారు. ఆవిడ చెయ్యి వేస్తుంది కదా అన్నారు. నోట్లో పోసేదే ఇప్పించు అన్నారు.

ఇన్ని మందుల్ని ఇన్ని కాలమ్‌లలో పెట్టాను. ఈ కాలమ్ నాకు తట్టలేదు.

ఫిబ్రవరి 4

హాల్‌ప్రిన్‌కి మొత్తం చెప్పాను. ఉప్పు మూట అంటే ఏమిటో చేతులతో చూపించాల్సి వచ్చింది. ఇన్నేళ్ళలో నేనెవర్నీ ఇంట్లో నొప్పికి ఏం చేస్తారని అడగలేదు అన్నాడు. పేషెంటు ఏది కోరుకుంటే అదే అన్నాడు. హైడ్రోమార్ఫోన్ రాశాడు, తక్కువ డోసుతో.

అత్తయ్య మళ్ళీ అడిగింది. పట్టీ ఆయన ఒంటికి పడలేదత్తయ్యా, మందు మార్చారు అన్నాను. అత్తయ్య కాసేపు నా మొహం వంకే చూసింది. అట్లాగా అంది.

ఫిబ్రవరి 8

ఇంటికి తెచ్చి రెండు రోజులైంది. చివరి రోజుల్లో ఇంటికొచ్చి చూసుకునే హాస్పిస్ వాళ్ళు హాల్లో మంచం వేశారు. మందు బాగానే పనిచేస్తోంది. మామయ్య మూడు అంటున్నారు. అంటే నిజంగా మూడే అయ్యుంటుంది. ఇప్పుడు నాతో అబద్ధం ఆడట్లేదు.

అత్తయ్య మూకుడు తియ్యలేదు. మంచం పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోంది. ఆయన ముఖం చూస్తుంది, నన్ను చూస్తుంది, లేచి వెళ్ళి అక్కర్లేని గిన్నెలు కడుగుతుంది.

ఫిబ్రవరి 9

నేనే మూకుడు స్టౌ మీద పెట్టాను. ఉప్పు పోశాను. నాకు అలవాటు లేదు, చిటపటలాడి సగం స్టౌ మీద పడింది. చప్పుడు విని అత్తయ్య వచ్చి గుమ్మంలో నిలబడింది. అది పెట్టొచ్చా అని అడిగింది. పెట్టొచ్చు అత్తయ్యా, ఇప్పుడు పట్టీ లేదుగా అన్నాను.

నోరు జారాను. అత్తయ్య నా చేతిలోంచి గరిటె తీసుకుంది. ఓరుగల్లు పిల్లకి ఉప్పు వేయించడం కూడా రాదు, అంత మంట పెడితే గుడ్డ కాలిపోదూ అంది. స్టౌ సిమ్‌లో పెట్టింది. ముందు మూటని తన చెంపకి ఆనించుకుని వేడి చూసుకుంది. తర్వాత ఆయన నడుముకి ఆనించి, మూట తీసిన చోటల్లా అరచెయ్యి వేసి రాసింది. మామయ్య కళ్ళు మూసుకున్నారు.

కాసేపటికి అడిగాను. సున్నా అన్నారు.

ఫిబ్రవరి 14

కమిటీకి నా పేజీ ఇచ్చేశాను. కిడ్నీల కాలమ్‌లో పట్టీ మొదటి స్థానంలోనే ఉంది. దాన్ని కిందికి దించమని ఒకరిద్దరు అన్నారు. ఒప్పుకోలేదు. కింద ఒక లైను కలిపాను. పట్టీ మీద ఏ రకమైన వేడీ తగలకూడదు, ఇంట్లో నొప్పికి ఏం చేస్తారో కుటుంబాన్ని అడగండి. అంత సాదా మాట టేబుల్లో ఎందుకని గ్రెగ్ అడిగాడు. ఉండనీ అన్నాను.

ఫిబ్రవరి 25

నిద్ర ఎక్కువైంది. మెలకువగా ఉన్న కాసేపూ తెలివిగానే ఉన్నారు. ఇవాళ రవి చేత గోళ్ళు తీయించుకున్నారు. గోళ్ళు తీసేటప్పుడు కదలొద్దు నాన్నా అని రవి అంటే, అటెన్షన్ అన్నారు. ముగ్గురం నవ్వాం. వంటింట్లోంచి అత్తయ్య, ఏవిటా నవ్వులు అంది.

మార్చి 3

పొద్దున మామయ్య పోయారు. నడుము దగ్గర మూట ఇంకా వెచ్చగానే ఉంది.

మార్చి 22

రాత్రంతా మంచు. పొద్దున డ్రైవ్‌వేలో మంచు తోడుతుంటే నడుం కలుక్కుమంది. సోఫాలో బోర్లా పడుకున్నాను. అత్తయ్య అడక్కుండానే మూకుడు పెట్టింది. పదికి ఎంత అంది. రెండు అన్నాను. మీ మామయ్య కోడలివే అంది.

మూట పెట్టే ముందు నా స్వెటర్ పైకి తీసి, భుజాల నుంచి నడుము దాకా వీపంతా అరచేత్తో తడిమి చూసింది. ఎక్కడైనా ఏదైనా అంటించి ఉందేమోనని.